కువైట్ నుంచి 23 కాసెట్లు: ఒక ప్రాజెక్టు డైరీ

జనవరి 12

సంక్రాంతికి ఊరికి వచ్చాను. నాయన పోయాక ఇది రెండో పండుగ. అటక మీది రేకు పెట్టె దించితే పైన ఆయన పాత పాస్‌పోర్టులు రెండు, అరబ్బీ అక్షరాల డ్రైవింగు లైసెన్సు, వాటి కింద చీర ముక్కలో మూటగట్టిన కాసెట్లు ఉన్నాయి. లెక్కపెట్టాను. 23.

నాయన 1984లో కువైట్ వెళ్ళేనాటికి నాకు ఏడాది నిండింది. 1990లో తిరిగి వచ్చేనాటికి ఏడేళ్ళు. మధ్యలో రెండుసార్లు సెలవు మీద వచ్చి వెళ్ళాడు. అంటే నేను ఎరిగినది తిరిగి వచ్చిన మనిషినే. రాజంపేటలో ఆటో నడిపేవాడు. పొద్దున ఆరింటికి వెళ్ళి రాత్రి తొమ్మిదింటికి వచ్చి, "తిన్నావా?" అని ఒక్క మాట అడిగి, చేతులు కడుక్కుని కంచం ముందు కూర్చునేవాడు. నా పెళ్ళి అయ్యేదాకా ఒకే ఇంట్లో ఉన్నాం. ఆయన నాతో వరసగా పది నిమిషాలు మాట్లాడిన రోజు ఒక్కటి కూడా గుర్తుకు రావడం లేదు.

ఈ మూటలో మాత్రం తక్కువలో తక్కువ పాతిక గంటల మాట ఉంది.

అమ్మకు చదువు రాదు. ఉత్తరం వస్తే ఎవరో ఒకరు చదివి పెట్టాలి, జవాబు ఎవరో ఒకరు రాసి పెట్టాలి. అందుకని మా వైపు కువైట్ వెళ్ళినవాళ్ళ ఇళ్ళలో చాలా చోట్ల మాటలు కాసెట్లలో ప్రయాణం చేసేవి. సెలవు మీద ఇంటికి వచ్చే ఊరివాళ్ళ చేతికి ఇచ్చి పంపేవారు. ఇంట్లో అందరూ విని, అదే కాసెట్టు మీద జవాబు రికార్డు చేసి, తిరిగి వెళ్ళే మనిషి సంచిలో పెట్టేవారు. కొత్త కాసెట్టు కొనడం ఖర్చు.

ఈ రాత్రి జాబితా రాశాను. టీడీకే కంపెనీ డీ-60లు (60 నిమిషాలవి) 14, సోనీ సీ-90లు (90 నిమిషాలవి) 4, పేరు లేనివి 3, సినిమా పాటలవి 2. కాసెట్టు వెనుక అంచున రెండు మూలల్లో చిన్న ప్లాస్టిక్ పలకలు ఉంటాయి. పలక విరిచేస్తే ఆ వైపు మళ్ళీ రికార్డు కాదు. పాటల కాసెట్లను అవి లేకుండానే అమ్మేవారు. మా ఇంటి రెండింటికీ ఆ కన్నాల్లో కాగితం మడిచి కుక్కి ఉంది, మీద మాట రికార్డు చేయడానికి. మిగతా 21లో 20కి పలకలు అలాగే ఉన్నాయి. ఒక్క టీడీకేకు మాత్రం రెండూ లేవు. "నంబరు 19, పలకలు లేవు" అని రాసుకున్నాను.

జనవరి 26, హైదరాబాదు

ఈ పనిలో నేను చేసిన మొదటి తప్పును ముందే రాసిపెట్టుకోవాలి. పోయినేడు ఊరికి వెళ్ళినప్పుడు, మూట మొత్తం విప్పి చూడకుండా పైన ఉన్న రెండు కాసెట్లు తీసుకుని ఒక స్టూడియోకు ఇచ్చాను. రెండు రోజుల్లో పెన్‌డ్రైవు ఇచ్చారు. విన్నాను. నాయన గొంతు డబ్బాలోంచి వచ్చినట్టుంది. మాటకూ మాటకూ మధ్య ఏమీ లేదు, గోడలా నిశ్శబ్దం. "గుర్రుమనే మోత అంతా తీసేశాం, శుభ్రంగా వచ్చింది" అని వాళ్ళు సంతోషంగా చెప్పారు. ఊపిరి కూడా తీసేశారు. అప్పుడు ఆ పెన్‌డ్రైవు పక్కన పడేసి, ఇక వినకూడదనుకున్నాను. ఇప్పుడు అదే కారణంగా ఈ పని నేనే చేయాలని నిశ్చయించుకున్నాను.

పాత కాసెట్ డెక్కు ఒకటి సంపాదించాను. లోపల మోటారును, చక్రాలను కలిపే రబ్బరు బెల్టు కరిగి తారులా అంటుకుపోయింది. దాన్ని ఇసోప్రొపైల్ ఆల్కహాలుతో గీకి, కొత్త బెల్టు వేసేసరికి ఆదివారం గడిచిపోయింది. హెడ్డును, టేపును లాగే సన్నని ఇనుప కడ్డీని, రబ్బరు రోలరును దూదిపుల్లలతో తుడిచాను. మొదటి పుల్లకు గోధుమరంగు అంటింది. ఎనిమిదో పుల్లకు తెల్లగా వచ్చింది. వేగం సరిచూడటానికి 3,150 హెర్ట్జ్ స్వరం, అంటే సెకనుకు 3,150 సార్లు ఊగే స్వరం ఉన్న పరీక్ష కాసెట్టు పెట్టి, మోటారు మరను వెంట్రుకవాసి తిప్పుతూ కుదిర్చాను.

నిబంధనలు రెండు. రికార్డింగు సెకనుకు 48,000 నమూనాలతో, 24 బిట్లలో, ఏ శుద్ధీ చేయకుండా ఉంటుంది. గంటకు ఒక గిగాబైటు అవుతుంది, కానివ్వండి. ఆ మూలప్రతిని మళ్ళీ ముట్టుకోను. ఏ మార్పు చేసినా దాని నకలు మీదే.

ఫిబ్రవరి 2

నంబరు 1. నలభై ఏళ్ళుగా కదలని టేపు పొరలు ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి. అందుకని వినకముందే ఆ చివరినుంచి ఈ చివరికి ఒకసారి, మళ్ళీ వెనక్కి ఒకసారి చుట్టాను. తరవాత ప్లే నొక్కాను.

గొంతు వచ్చింది. నాయనది కాదు. సన్నగా, తొందరగా, పదహారేళ్ళ కుర్రవాడు మాట్లాడినట్టు. అప్పటికి ఆయనకు ఇరవై ఎనిమిదేళ్ళు, వయసులో అలాగే ఉండేదేమో అనుకున్నాను. అమ్మకు ఫోనులో వినిపించాను. "మీ నాయన ఇట్లా మాట్లాడడు" అంది. మరి ఎట్లా మాట్లాడతాడు అంటే చెప్పలేకపోయింది.

ఫిబ్రవరి 9

వారం రోజులు ఇదే ఆలోచన. నా డెక్కు వేగం సరిగ్గానే ఉంది. అంటే ఆయన రికార్డరు నెమ్మదిగా తిరిగి ఉండాలి. నెమ్మదిగా తిరిగే యంత్రంలో రికార్డు చేసినది సరైన వేగంతో వింటే గొంతు సన్నబడుతుంది. ఎంత నెమ్మదిగా తిరిగిందో తెలిస్తే సరిచేయవచ్చు. 1984లో కువైట్‌లో ఒక గదిలో తిరిగిన మోటారు వేగం ఇప్పుడు ఎట్లా తెలుస్తుంది?

తెలుస్తుంది. స్టూడియోవాళ్ళు తీసి పారేసిన మోతే చెబుతుంది. ఇక్కడిలాగే అక్కడా కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. గోడకు తగిలించిన యంత్రం ఏదైనా ఆ 50 హెర్ట్జ్ మోతను, దాని రెట్టింపులను, మూడు రెట్లను టేపు మీద కొంచెమైనా వదులుతుంది. ఆయన గదిలో ఏసీ కూడా ఉంది, మాట ఆపినప్పుడల్లా దాని హోరు వినిపిస్తుంది. ఆయన ఊపిరి తీసుకోవడానికి ఆగిన ఒక చోట నాలుగు సెకన్లు కత్తిరించి, ఆడాసిటీ అనే కంప్యూటర్ ప్రోగ్రాములో ఏ పౌనఃపున్యం ఎంత ఉందో గీత గీయించాను.

50 దగ్గర ఒక శిఖరం. పక్కనే 52.4 దగ్గర ఇంకొకటి.

చాలాసేపు అర్థం కాలేదు. తరవాత డెక్కు ప్లగ్గు తీసి, మళ్ళీ పెట్టి, టేపు లేకుండా రికార్డు చేసి చూశాను. 50 దగ్గరిది నా ఇంటి కరెంటు. నా డెక్కు తనంతట తాను కలుపుతున్న మోత. 52.4 దగ్గరిది ఆయన గది కరెంటు. అక్కడ 50గా మోగినదే, నెమ్మది రికార్డరు వల్ల ఇక్కడికి 52.4గా చేరింది. మూడు రెట్ల దగ్గర చూస్తే 157.2. లెక్క సరిపోయింది. తెర మీద రెండు గీతలు పక్కపక్కన నిలబడి ఉన్నాయి, ఒకటి నా గది, ఒకటి ఆయన గది.

50ని 52.4తో భాగించాను. నకలు వేగాన్ని 4.58 శాతం తగ్గించాను. ప్లే నొక్కాను.

నాయన. "తిన్నావా?" అని అడిగే అదే గొంతు, నలభై ఏళ్ళ కింద. మా వారు వంటగదిలోంచి పరుగెత్తుకుని వచ్చి గుమ్మంలో ఆగిపోయారు.

ఫిబ్రవరి 23

ఎనిమిది కాసెట్లు అయ్యాయి. ఆయన పద్ధతి తెలిసివచ్చింది.

మొదటి వైపు అందరి కోసం. జేజిని అడుగుతాడు, చిన్నాయనను అడుగుతాడు, ఎనుము ఈనిందా అని అడుగుతాడు. తరవాత అప్పుల జాబితా. ఎవరికి అసలు ఎంత, వడ్డీ ఎంత, ఈసారి డ్రాఫ్టులో ఎవరికి ముందు ఇవ్వాలి. ఒక్కొక్క అంకె రెండుసార్లు చెబుతాడు. అమ్మ రాసుకోలేదు కదా, గుర్తుపెట్టుకోవాలి. వీసా కోసం చేసిన అప్పు తీరడానికి ఇంచుమించు మూడేళ్ళు పట్టిందని ఈ అంకెలు కూడితే తెలిసింది. ఆ సంగతి ఆయన నాకు ఎప్పుడూ చెప్పలేదు.

అప్పుల తరవాత ఆయన మాట తీరే మారిపోతుంది. దుమ్ము తుపాను వచ్చిన రోజు గది తలుపు కింద తడి తుండు పెట్టినా పొద్దున లేచేసరికి పళ్ళ మధ్య ఇసుక కరకరలాడిందని, షేక్ కారును ఆ రోజు మూడుసార్లు కడిగానని చెబుతాడు. సాల్మియా ఒడ్డున సముద్రం ఎట్లా ఉంటుందో జేజికి చెప్పడానికి మన చెరువు నుంచి మొదలుపెట్టి, కట్ట తీసేయమంటాడు, అవతలి గట్టు తీసేయమంటాడు, కొండ తీసేయమంటాడు, "ఇక మిగిలింది చూడమ్మా, అదే సముద్రం" అంటాడు. ఇంత బాగా మాట్లాడగల మనిషి మా ఇంట్లో ఉన్నాడు!

ఒక చోట చెనక్కాయలు కాల్చిన వాసన గుర్తొచ్చిందని చెప్పి, ఆగి, "ఈసారి వాన పడినప్పుడు టేపు పెట్టి పంపండి" అని అడిగాడు. మనుషులు మాట్లాడనక్కరలేదట, ఉత్త వాన చాలట.

రెండో వైపు మొదలయ్యే పద్ధతి వేరు. మొదటి వైపు అమ్మను "పాప వాళ్ళ అమ్మ" అనే అంటాడు. నంబరు 3 రెండో వైపు పెట్టగానే ఆమెను పేరు పెట్టి పిలిచాడు. వెంటనే ఆపేశాను. అది నా కోసం కాదు.

మార్చి 16

అమ్మ హైదరాబాదు వచ్చింది. విషయం చెప్పాను. కాసేపు కొంగు అంచు మడిచింది. "ముందు నేను వింటాను, నువ్వు అవతల ఉండు" అంది.

అయితే ఒక చిక్కు. ఆమె వినాలంటే ముందు కంప్యూటర్‌లోకి ఎక్కించాలి. పాత టేపును ఎన్నిసార్లు తిప్పితే అంత అరుగుతుంది, కొన్ని ఇంకొక్కసారి తిరుగుతాయో లేదో తెలియదు. అందుకని రెండో వైపులన్నీ శబ్దం కట్టేసి రికార్డు చేశాను. తెర మీద అలల గీత కదులుతుంటే చూస్తూ కూర్చున్నాను, అరగంట చొప్పున, ఒక్కొక్కటీ. మాట వినపడదు కానీ మాట్లాడుతున్నాడని కనిపిస్తుంది. చిక్కటి గీతలు, మధ్యలో పలచన. ఒక చోట ఏడు సెకన్లు, ఒక చోట పన్నెండు సెకన్లు ఏమీ లేదు. మళ్ళీ సన్నగా మొదలై, పెరిగి, ఆగిపోయింది. నేను చూసినది అంతే. రాయగలిగినదీ అంతే.

అమ్మ హెడ్‌ఫోను పెట్టుకుని నాలుగు రోజులు విన్నది. భోజనానికి పిలిస్తే వచ్చింది, తిన్నది, మళ్ళీ వెళ్ళింది. అయిదో రోజు వేళ్ళ మీద లెక్కపెట్టి నంబర్లు చెప్పింది. తొమ్మిది నేను వినవచ్చు, మిగతావి వద్దు. ఆ మిగతావాటిని వేరే డ్రైవులో ఉంచి ఆమె చేతికి ఇచ్చాను. నా దగ్గర నకలు లేదు. ఏదైనా మూడు చోట్ల దాచాలి, ఒకటి వేరే ఊళ్ళో ఉండాలి అనేది ఈ పనిలో మొదటి సూత్రం. ఇక్కడ ఆ సూత్రం వదిలేశాను.

ఏప్రిల్ 6

నంబరు 11 ఇంకా ఆశ్చర్యపరిచింది. నాయన ఇరవై రెండు నిమిషాలు మాట్లాడి "ఉంటాను మరి" అన్నాడు. టక్ అని మీట చప్పుడు. ఆపబోయాను. హఠాత్తుగా అమ్మ గొంతు, వాక్యం మధ్యలోంచి: "...రేకులు వేయిద్దాం అంటున్నాడు, నువ్వేమంటావు?"

కారణం చూస్తే తేలిక. రికార్డు చేసినంత మేరకే పాతది చెరిగిపోతుంది. అమ్మ జవాబు మీద నాయన రికార్డు చేశాడు, కానీ ఆయన మాట ముందే అయిపోయింది. అది దాటిన చోట అమ్మ జవాబు తోక మిగిలింది. అమ్మ మాట కూడా ముగిశాక మరో టక్. దాని కింద నుంచి నాయన మళ్ళీ వచ్చాడు, ఇంకా పాత నాయన, రెండు నిమిషాలు. ఒకే వైపు మూడు కాలాలు ఉన్నాయి. వేగం కూడా మూడు రకాలు. ఊళ్ళో బ్యాటరీలతో రికార్డు చేసిన అమ్మ భాగంలో కరెంటు మోత లేదు, కొలవడానికి ఆధారం లేదు. అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని ఆమె సరే అనేదాకా వేగం జరుపుతూ పోయాను. తన గొంతు తానే గుర్తుపట్టాలి. "ఇంకొంచెం, ఇంకొంచెం, ఆ... అదే నేను" అంది.

ఆ తోకలో, రేకుల సంగతి తరవాత, అమ్మ ఎవరినో బతిమాలుతోంది. "మాట్లాడు పాపా, నాయన వింటాడు. ఒక్క మాట." జవాబు లేదు. ముక్కు ఎగబీల్చిన చప్పుడు. పరుగు. పట్టీలు.

అది నేను.

తోకలు ఉన్నాయని తెలిశాక, నంబరు 19 తప్ప, నేను వినగల వైపులన్నిటినీ చివరిదాకా తిప్పాను. స్టూడియోకు ఇచ్చిన రెండింటిలో ఒకటి నంబరు 5. వాళ్ళిచ్చిన ప్రతిలో నాయన మాట అయ్యాక ఆరు నిమిషాలు నిశ్శబ్దం. కాసెట్టులో అక్కడ నిశ్శబ్దం లేదు. హోరు ఉంది. దాన్ని శుద్ధి చేసే యంత్రం టేపు రొద అనుకుని మొత్తం చెరిపేసింది. హెడ్‌ఫోను పెట్టుకుని విన్నాను. అది టేపు రొద కాదు, వాన. చూరు కింద పెట్టిన గిన్నెలో చినుకులు, దూరంగా ఎనుము అరుపు, ఒకసారి ఉరుము. ఆయన అడిగిన వానను అమ్మ పంపింది. దాని మీద జవాబు రికార్డు చేసినప్పుడు ఆయన వాన మొదలయ్యే చోటికి ముందే మాట ఆపేశాడు.

మే 11

తేదీలు వేయడం. కాసెట్ల మీద ఏమీ రాసి లేదు కనుక లోపలి మాటల్లోనే వెతకాలి.

ఒకదానిలో పక్క గది పాకిస్తానీ డ్రైవరు మిఠాయి పంచుతున్నాడని, నిన్న షార్జాలో ఆఖరి బంతికి సిక్సరు కొట్టారని చెబుతాడు. పాకిస్తాన్ బ్యాట్స్‌మన్ మియాందాద్ ఆ సిక్సరు కొట్టింది 1986 ఏప్రిల్ 18న. కాబట్టి ఆ రికార్డింగు 19వ తేదీది. ఒక తోకలో చిన్నాయన, చెన్నారెడ్డి ముఖ్యమంత్రి అయ్యాడని చెబుతున్నాడు. అది 1989 డిసెంబరు. మిగతావాటికి ఎండలు, రంజాన్, నా పళ్ళు ఊడటం ఆధారాలు. 17 కాసెట్లకు సంవత్సరం దొరికింది, నాలుగింటికి నెల కూడా.

1987 నాటి ఒక దానిలో ఈ మాటలు ఉన్నాయి. ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను: "పాప మాట్లాడలేదు. పట్టీల చప్పుడు వచ్చింది. ఆ చోటికి తిప్పి తిప్పి విన్నాను. ఈసారి ఒక్క మాట చెప్పించు."

ఆ అడగడం మొత్తం పదకొండు కాసెట్లలో ఉంది. లెక్కపెట్టాను.

జూన్ 1

నాయన ఆఖరి కాసెట్టు 1990 జూలై మొదట్లోది. దీపావళికి వస్తానంటాడు. గల్లా పెట్టె కొన్నాడట, తిరిగి వచ్చి రాజంపేటలో అంగడి పెడతాడట. ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చింది.

ఆ తరవాతి కథ టేపుల్లో లేదు. పాస్‌పోర్టు ముద్రల్లో కొంత, అమ్మ నోట కొంత దొరికింది. బస్సులో బస్రా మీదుగా బాగ్దాద్, అక్కడి నుంచి ఎడారి దాటి జోర్డాన్, సరిహద్దు శిబిరంలో గుడారం. అమ్మాన్ నుంచి ఎయిర్ ఇండియా విమానంలో బొంబాయి. ఆ రెండు నెలల్లో 488 విమానాల్లో లక్ష మందికి పైగా భారతీయులను తీసుకొచ్చారు. అందులో ఒకడు మా నాయన. ఒంటి మీది బట్టలతో రాజంపేట స్టేషనులో దిగాడు. ఐక్యరాజ్య సమితి పరిహార కమిషన్ నుంచి డబ్బు ఏళ్ళ తరవాత వచ్చింది. అంగడి పెట్టలేదు, ఆటో కొన్నాడు. గల్లా పెట్టె గురించి ఎవరికీ చెప్పలేదు. అమ్మకు కూడా ఆ మాట ఇప్పుడు టేపులో మళ్ళీ వింటేనే గుర్తొచ్చింది.

జూన్ 15

నంబరు 19ని చివరికి ఉంచాను. లోపల టేపును హెడ్డుకు ఒత్తి పట్టే చిన్న ఊలు ప్యాడు ఊడిపోయింది. అది లేకపోతే మాట తెరలు తెరలుగా వస్తుంది. టేపు ఉండే ప్లాస్టిక్ పెట్టె మార్చక తప్పదు. అయిదు మరలు విప్పి, రెండు చుట్టలూ చెదరకుండా ఎత్తి, ఖాళీ టీడీకే పెట్టెలోకి మార్చాను. ఊపిరి బిగబట్టి చేసే పని.

ఇది నాయనది కాదు. మొదటి వైపు మొదటి నుంచి చివరిదాకా మా ఇల్లే. 1990 జూలై చివర. ఆగస్టు మొదటి వారంలో బయలుదేరవలసిన ఊరి మనిషి చేతికి ఇవ్వడానికి అమ్మ రికార్డు చేసి పెట్టింది. ఆ మనిషి వెళ్ళలేదు. కాసెట్టు ఇంట్లోనే ఉండిపోయింది.

పంతొమ్మిదో నిమిషంలో అమ్మ, "ఇదిగో, నీ కూతురు" అంటుంది. తరవాత నేను. "నాయనా, నేను రెండో తరగతి. ఎక్కాలు చెబుతాను." రెండో ఎక్కం నుంచి అయిదో ఎక్కం దాకా, ఒక్క ఊపున. నాలుగో ఎక్కంలో ఏడు దగ్గర తప్పు చెప్పి, నేనే దిద్దుకున్నాను. మూడు నిమిషాల పది సెకన్లు.

ఇది ఆయన వినలేదనే అనుకుంటూ రికార్డు చేస్తున్నాను. కానీ ఆ మూడు నిమిషాల చోట శబ్దం మసకబారింది. ముందూ వెనుకా అంతా తేటగా ఉంది. టేపును వెనక్కి చుట్టి ఎక్కాలు మొదలయ్యే చోటు వెతికి పట్టుకుని దీపం కింద చూశాను. అక్కడ అంచు నలిగి ఉంది. రోలరు మళ్ళీ మళ్ళీ పట్టి వదిలిన అడ్డగీతలు ఉన్నాయి. ఎక్కాలు అయిపోయే చోటా అలాంటివే ఉన్నాయి. ఇంకెక్కడా లేవు.

అమ్మకు ఫోను చేశాను. పాత పెట్టె చేతిలో పట్టుకుని, వెనుక అంచున పలకలు ఉంటాయి, అవి నువ్వు విరిచావా అని అడిగాను.

"అవేమిటో నాకు తెలియదు. టేపు పని అంతా మీ నాయనదే" అంది. కొంచెం ఆగి, "వచ్చిన కొత్తలో రాత్రిళ్ళు నిద్ర పట్టేది కాదు. బయట అరుగు మీద చిన్న శబ్దంతో ఏదో పెట్టుకుని వినేవాడు. రేడియో అనుకున్నాను" అంది.

రెండు నకళ్ళు తీసి, ఒకటి అమ్మకు పంపడానికి పక్కన పెట్టాను. పాత పెట్టెను దూదిలో చుట్టి దాచాను. టేపు ఇకమీదట కొత్త పెట్టెలోనే ఉంటుంది. దాని వెనుక అంచున పలకలు రెండూ చెక్కుచెదరకుండా ఉన్నాయి. సన్న స్క్రూడ్రైవరు తీసుకుని ఒకటి విరిచాను, తిప్పి రెండోది విరిచాను.